పదకొండు డబ్బీలు

ట్యూషన్ వదిలాక వచ్చింది ఢిల్లీశ్వరి.
కాశీబుగ్గ బజార్లో నా ఫ్యాన్సీ కొట్టు గుమ్మానికి
సైకిలు ఒరిగించి
"అక్కా, ముత్యాల డబ్బీ ఉందా?" అంది.
వారంలో తెల్లబడతారట.
క్లాసులో నలుగురు రాస్తున్నారట.

ఉంది.
రెండో అరలో, గాజుల పెట్టె వెనక.
ముప్పై అయిదుకి తెచ్చి తొంభైకి అమ్ముతాను.
మూత మీద నవ్వే పిల్ల ఉంటుంది,
చేసినవాడి ఊరు ఉండదు.
లోపల ఏం కలిపారో
ఆవగింజంత అక్షరంలో కూడా ఉండదు.

ఆరేళ్ళుగా అమ్ముతున్నాను.
అబద్ధమెందుకు, నేనూ రాసుకున్నాను.
మొదటి నెల అద్దం నన్ను మెచ్చుకుంది.
మానేసిన నెల
బుగ్గలు కుంపట్లయ్యాయి.
శ్రీకాకుళంలో చర్మ డాక్టరు చీటీ రాస్తూ
తలెత్తకుండానే అడిగాడు:
"ఇందులో ఉన్నది మందమ్మా, పౌడరు కాదు.
ఎవరమ్మారు నీకు?"
నా కొట్లోదే అని
చెప్పలేకపోయాను.

ఇదంతా ఈ గుంటకి చెప్పాలా?
బేరం పోతుందే.
చెయ్యి అర దాకా వెళ్ళింది కూడా.

అప్పుడొచ్చింది తవిటమ్మ, దాని తల్లి,
జీడి ఫ్యాక్టరీ నుంచి నేరుగా.
గల్లాపెట్టె అద్దం మీద రెండు చేతులూ పెట్టింది.
వేళ్ళ సందుల్లో కడిగినా పోని నలుపు,
అరచేతుల్లో పొరలు పొరలుగా లేచిన తోలు.
కూతురు చూపు తిప్పుకుంది.
"సూడే, సిగ్గేటి?
పిక్క కొట్టే ముందు ఆవదం రాసుకుంతాం.
ఎందుకూ? పిక్క లోపలేటుందో మాకు తెలుసు.
ఈ డబ్బీలో ఏటుందో ఎవులికెరిక?
తెలీని మంటకి
ఏటి రాసుకుంతావే అమ్మీ?"

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

డబ్బీ తీశాను, అమ్మడానికి కాదు.
కళ్ళజోడు పెట్టుకుని బల్బు కింద
తిప్పి తిప్పి చూశాను. నా బుగ్గ మీది మచ్చ కూడా చూపించాను.
పాదరసం మాట ఢిల్లీశ్వరే ఎత్తింది:
పగిలిన థర్మామీటర్లోంచి
నేల మీద పరిగెత్తిన వెండి పూసలు,
ముట్టుకోవద్దని లెక్చరర్ అరిచాడట.
"అలాంటిది మొహానికి కలుపుతారా అక్కా?"
కొందరు కలుపుతారు.
కలిపినవాళ్ళు రాయరు.

ఆ తర్వాత నా కొట్టంతా తిరగేసింది.
ప్రతి సీసా వీపు చదివింది.
లైసెన్సు నంబరు లేనిది పక్కకి,
తేదీ దాటింది పక్కకి,
ఘుమఘుమ తప్ప ఏమీ చెప్పనిది
రెండుసార్లు వాసన చూసి మరీ పక్కకి.
చివరికి ఒక లిప్ బామ్ మిగిలింది, ఇరవై రూపాయలు.
"ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు ఆగు" అన్నాను.
"నల్లగానే ఉండిపోతానుగా మరి" అంది,
సైకిలు స్టాండు తీస్తూ.
ఆ మాటకి జవాబు
ఏ సీసా వెనకా లేదు.
తవిటమ్మే అంది, నడుస్తూ:
"తెల్ల పప్పు తియ్యడానికే కదే
నా సేతులిలగయ్యాయి."

పదకొండు డబ్బీలు మిగిలాయి.
కాలవలో పారేస్తే
కాలవకి మోచేతి మడత ఎక్కడిది?
గోనెలో కట్టి బల్ల కింద పెట్టాను.
మంగళవారం ఏజెంటు వస్తాడు.
ఒకటి చేతికిచ్చి
లోపలేముందో చదివి వినిపించమంటాను.
వాడు మూత మీద నవ్వే పిల్లని చూపిస్తాడు,
నాకు తెలుసు.