గాలి తాడు

మూడున్నర.
రేకుల మీద గాలి. పుంతా అరేనాస్‌లో
దానికీ నిద్ర లేదు, అన్సెల్మోకీ లేదు.

పదకొండేళ్లుగా పురుళ్లు పోస్తున్నదాన్ని.
"బొజ్జ నిండి, ఒళ్లు వెచ్చగా ఉంటే
ఎందుకు పడుకోడమ్మా" అని
ఎంతమంది బాలింతలకు చెప్పానో
ఈ నోటితోనే.
ఇప్పుడు ఒక్కొక్కరే గుర్తొస్తున్నారు
కళ్ల కింద చారలతో సహా.
బుద్ధిగా తలూపేవాళ్లు.
ఒక్కరైనా నన్ను తిట్టి ఉండాల్సింది.

రూబెన్ పీతల పడవ మీదున్నాడు.
అతని మీది కోపాన్ని కూడా
సగంలోనే మర్చిపోతున్నాను,
పొయ్యి మీది పాలలాగే.

నిన్న, చెప్పకూడదు గానీ,
పిల్లాణ్ణి తొట్టిలో వదిలి
స్నానాలగదిలో గడియ పెట్టుకుని
అంకెలు లెక్కపెట్టాను, వందదాకా అనుకుని.
అరవై నాలుగు దగ్గర ఏడుపు ఆగింది.
ఏడుపు కన్నా అదే ఎక్కువ భయపెట్టింది.
పరిగెత్తుకెళ్తే
వాడు దీపం కేసి చూస్తున్నాడు
అద్దె వసూలుకొచ్చిన పెద్దమనిషిలా.

తెల్లారి ఎంతసేపైందో.
వీధి మలుపులో, మనుషులు కొట్టుకుపోకుండా
మునిసిపాలిటీవాళ్లు కట్టిన తాడు.
దాన్ని పట్టుకుని ఎదురింటి ఎదువీనా
రొట్టెల కొట్టుకి పోతోంది,
స్కార్ఫు ఒక దిక్కు, తానొక దిక్కు.
తాడు పట్టుకున్నందుకు
ఆవిడ ఏనాడూ సిగ్గుపడినట్టు లేదు.

కిటికీ తీశాను.
"వచ్చేటప్పుడు ఒకసారి పైకి రా!"
గాలి సగం మింగేసింది.
మళ్లీ అరిచాను, ఈసారి
"నావల్ల కావట్లేదు" అని కూడా.
ఆవిడ తాడు వదలకుండానే
రెండో చెయ్యి ఎత్తింది.

భుజం మీద వాడు ఆవులించాడు.
నేనూ.