బైండింగు

నా కూతురి రక్తం మూడు సంపుటాలు.
నేనే కుట్టాను.
చిక్కడపల్లి సందులో కొట్టు మూసే వేళకి
పంచాంగాలూ కాలేజీ రికార్డులూ పక్కకి జరిపి,
ఆసుపత్రి కాగితాలు తేదీల వారీగా పేర్చి,
వీపుకి ఎర్ర కాలికో వేశాను.
మొదటి పేజీలో ఏడు నెలల పాప,
హిమోగ్లోబిన్ నాలుగు పాయింట్ రెండు.
థలసీమియా అని డాక్టరు రాస్తే
ఏదో ఊరి పేరనుకున్నాను.
ఊరే అయింది తర్వాత,
ఇరవై ఒక్క రోజులకోసారి వెళ్లి రావలసిన ఊరు.

పిల్లల ఆసుపత్రి గోడ మీద కుందేలుకి
ఒక చెవి పెచ్చు ఊడి ఉండేది.
మహతి ఆ చెవి మీద ఒక చెయ్యి పెట్టాకే
రెండోది చాపేది సూదికి.
ఈ మే నెలాఖరున, పసుపు క్యాన్యులా తీస్తూ
సిస్టర్ కరుణమ్మ అంది:
"గిదే ఆఖరుది బిడ్డా. ఇగ పెద్దోళ్ల దవాఖానకి పోవాలె."
నాతో ఏమీ అనలేదు.
నా వేళ్ల మధ్య సిద్ధంగా ఉన్న దూది తీసుకుని
దాని చేతిలో పెట్టింది,
నువ్వే ఒత్తుకో అని.

నాంపల్లి అవతల పెద్దల ఆసుపత్రి.
గోడలకి బొమ్మల్లేవు.
ఇక్కడ క్యాన్యులా నీలం, కాస్త లావు.
డాక్టరు కుర్రవాడు.
"ఎన్నేళ్ల నుంచి?" అన్నాడు. నేను నోరు తెరిచాను.
"మీరు కాదు సార్. తనని చెప్పనివ్వండి."
మళ్లీ, మర్యాదగానే,
"కాసేపు బయట కూర్చుంటారా?"

మూడు సంపుటాలూ ఒళ్లో పెట్టుకుని
ఇనుప కుర్చీలో కూర్చున్నాను,
మొదటిసారి, తలుపుకి ఇటువైపు.
ఏ సంచితో దద్దుర్లు వచ్చాయో,
ఏ మందు పడదో,
ఏ చేతి నరం తేలిగ్గా దొరుకుతుందో
అన్నీ గొంతు దాకా వచ్చి నిలబడ్డాయి
బ్లడ్ బ్యాంకు కిటికీ ముందు లైనులా.

పక్క కుర్చీలో టోలిచౌకి జాహెదమ్మ.
వాళ్ల రిజ్వాన్‌కి ఇరవై. అదే ఊరు వాళ్లది కూడా.
ఫ్లాస్కు మూతలో చాయ్ పోసి ఇచ్చింది.
"నిరుడు నేనూ గిట్లనే కూసున్న భయ్యా,
చెవి తలుపుకే అతికిచ్చి.
వాడు బయటికొచ్చి, అమ్మీ నువ్వు పో,
నేను మెట్రోల వస్త అన్నడు.
ఆ దినం మస్తు ఏడ్చిన."
"ఇప్పుడో?"
"ఇప్పుడు గూడ ఏడుస్త. ఇంట్ల కూసొని ఏడుస్త."
నవ్వింది.
"ఆదివారం మాసాబ్‌ట్యాంకు కాడ కూడుతం,
పదిమంది అమ్మానాన్నలం. పిల్లల్ని తేం.
నువ్వు గూడ రా. ఆ బుక్కులు ఇంట్ల పెట్టి రా."

సరిగ్గా మూసుకోని తలుపు లోంచి
మహతి గొంతు.
"ఐరన్ తగ్గే మాత్రలు...
ఇంటర్ పరీక్షల నుంచి రోజూ వేసుకోవట్లేదు డాక్టర్.
వికారం.
నాన్నకి చెప్పలేదు. నాన్న రోజూ రాస్తాడు."

అవును, రాస్తాను.
మూడో సంపుటం చివర నా చేతిరాతలో
మార్చి, ఏప్రిల్, మే,
ప్రతి తేదీ ఎదురుగా
వేసింది. వేసింది. వేసింది.

కుట్టు నేర్పేటప్పుడు మా నాన్న అనేవాడు,
దారం మరీ బిగించకురా,
పుస్తకం గూనిదవుతుంది, ఎవడూ తెరవలేడు.
ముప్పై ఏళ్లుగా పాటిస్తున్నాను,
ఊళ్లోవాళ్ల పుస్తకాలకి.

బయటికొచ్చింది,
మోచేతి మడతలో దూది తనే ఒత్తుకుంటూ.
"విన్నావా?"
"లేదు."
"అబద్ధం."
"నీ దగ్గరే నేర్చుకున్నా."
లక్డీకాపూల్ మెట్ల దగ్గర
రెండు సంపుటాలు అడిగి తీసుకుంది.
మూడోది నేను ఇవ్వలేదు. అదీ అడగలేదు.

రాత్రి అది పడుకున్నాక
మాత్రల స్ట్రిప్పు చీకట్లో వేళ్లతో తడిమాను.
ఒకటి తక్కువుంది.
ఏమీ రాయలేదు.
రేపట్నుంచి తడమను కూడా.
పోనీ,
ఆదివారం నుంచి.