పలక పట్టుకున్న చెయ్యి

పాత రికార్డుల గదిలో, ఊగుతున్న ఫ్యాను కింద,
ఆ అమ్మాయి ఒక్కో ఫోటోనీ స్కానర్ మీద బోర్లా పడుకోబెడుతుంది.
పచ్చటి వెలుతురు గీత ఒకటి
ఆ ఇంటి కిందినుంచి నెమ్మదిగా పాకిపోతుంది.
"ఇది ఏ వీధి తాతా?"

వీధి పేరుతో పనేముంది పాపా,
చూళైలో పేర్లు మారుతూనే వచ్చాయి.
గుమ్మాలకు పాత నంబరు, కొత్త నంబరు,
ఆ పైన పాతబడిపోయిన కొత్త నంబరు.
పోస్టుమాన్ దశరథం రిటైరయ్యేనాటికి
ఉత్తరాలు వాసన చూసి పంచేవాడు.
నువ్వు ఇంటిని చూడకు. ఆ మూల చూడు.
నంబరు రాసిన పలక, దాన్ని పట్టుకుని మణికట్టు దాకా ఒక చెయ్యి.
అది నాదే.

కార్పొరేషన్‌లో గొలుసు లాగే పని నాది.
రోడ్డు వెడల్పుకు ఎర్ర గీత పడ్డ ప్రతి ఇంటినీ
కూల్చేముందు ఫోటో తీయాలి, ఫైలు కోసం.
ఆరోగ్యసామి మెడలో పెట్టె కెమెరా,
నమస్కారం పెడుతున్నట్టు దానిలోకి తల వంచేవాడు.
నేను పలక ఎత్తి పట్టుకుని అరిచేవాణ్ణి,
ముందు అరవంలో, తర్వాత తెలుగులో:
"ఇంట్లోవాళ్ళు పక్కకు జరగండి!"
మనుషులు పడకూడదు. అది రూలు.

అయినా పడేవాళ్ళు.
ఇదిగో, కిటికీ ఊచల మీద నాలుగు వేళ్ళు.
ఇదిగో, తిన్నె మీద తడి ఆరని పాదాలు.
ఇక్కడ, ఫోటోలో కనబడదు గానీ, కరవాడు ఉడుకుతోంది.
బుజ్జమ్మ పొయ్యి ఆర్పనంది.
"నువ్వు తీసకపోయేది ఇల్లే కదా, పులుసు కాదు కదా" అంది.

ఏడాది తెలియాలంటే చెయ్యి చూడు.
వేళ్ళు ఖాళీగా ఉంటే డెబ్బై ఆరుకు ముందు:
నాటు పెంకులు, తిన్నెలు,
వీధిలోకి కాళ్ళు చాపుకున్న మెట్లు.
ఉంగరం ఉంటే నా పెళ్ళి తర్వాత:
తిన్నెలు కోసి షట్టర్లు వేసిన కాలం,
పెంకుల మీద రేకులు, రేకుల మీద నీళ్ళడ్రమ్ము.
ఉంగరం చోట తెల్లటి గీత ఉంటే
పెద్దవాడికి టైఫాయిడ్, మింటు వీధి సేటు దగ్గర తాకట్టు.
అప్పటికి మేడలు లేస్తున్నాయి,
ఒక్క వాకిట్లో తొమ్మిది సంసారాలు,
చేతి పంపు ముందు ప్లాస్టిక్ బిందెలు
మనుషులకన్నా బుద్ధిగా వరసలో నిలబడి.
చూపుడువేలికి కట్టు ఉంటే ఎనభై నాలుగు వానల్లోది.
గోడ పడింది. ఆ వేలి కొస ఇప్పటికీ లేదు.
ఆ గోడ ఫోటో కూడా ఇందులోనే ఎక్కడో ఉండాలి.

ఆ అమ్మాయి నవ్వింది, నా చెయ్యి తీసుకుని
ఫోటో పక్కన పెట్టి చూసింది,
రేషన్ కార్డులో బొమ్మను మనిషితో సరిచూసినట్టు.
తర్వాత టపటపా కొట్టుకుంది: 1974. 1979. 1984.
మధ్యాహ్నానికి నూట పన్నెండు ఇళ్ళయ్యాయి.
వాటిలో ఇంకా నిలబడి ఉన్నది ఒక్కటే.
దానికీ ముందు సగం లేదు; లోపలి పడకగది
నేరుగా బస్సుల్ని చూస్తూ ఉంటుంది.
దేవుడి గూట్లో సెల్‌ఫోన్ చార్జర్లు అమ్ముతారు.

టీ వచ్చింది. తాగుతూ ఒకటి తీసి అడిగింది:
"దీంట్లో మీ చెయ్యి లేదే?"

లేదు. పలకను గోడకు ఆనించారు.
ఏడు కొంచెం వాలి ఉంది, ఆరోగ్యసామి రాత.
నీలం తలుపు.
మునగచెట్టు నీడ మాత్రం పడింది, చెట్టు పడలేదు.
దండెం మీద ఖాకీ చొక్కా తియ్యడం మరిచారెవరో.

ఆ రోజు నేను ఇంట్లోవాళ్ళలో ఉన్నాను.
పక్కకు జరగమన్నాడు ఆరోగ్యసామి, నావైపు చూడకుండా,
ముందు అరవంలో,
తర్వాత, అవసరం లేకపోయినా, వచ్చీరాని తెలుగులో.
జరిగాను.

ఇదంతా చెప్పలేదు.
"ఎనభై ఎనిమిది, ఆగస్టు" అన్నాను. "బుధవారం."
వారానికి ఇందులో గడి లేదు తాతా, అంది.