రంపపు పొట్టు

బస్టాండు దగ్గర్నుంచి నలుగురు తోసుకొచ్చారు జీపుని.
స్టీరింగు పట్టుకున్నవాడు లఖన్ సబర్.
రెండో గేరుని మోకాలితో అదిమి పెట్టి
సెరంగో ఘాటీ మొత్తం దిగాడట.
మోకాలు తీస్తే చాలు, టక్కున
న్యూట్రల్‌లోకి జారిపోతోందట.

"ఎక్కుడులో ఇంజిను అరుస్తాది, బండి కదల్దు."
క్లచ్ ప్లేటు, అన్నాను.
"రివర్సు ఎయ్యగానే కింద ఎవులో తన్నినట్టు ఠంగుమంతాది."
క్రాసులు పోయాయి.
"నలభై దాటితే యెనకాతల ఒకటే ఏడుపు."
దీనికి మాత్రం వెంటనే ఏమీ అనలేదు.

పర్లాకిమిడిలో ముప్ఫయ్యేళ్లుగా
బళ్ల ఏడుపులు వింటున్నాను.
తెలుగులో అడుగుతారు, ఒడియాలో బేరమాడతారు,
కొండ మీదివాళ్లు సవరలో గొణుక్కుంటారు.
పళ్లరిగిన గేరుకి ఒక్కటే భాష.

గోనెసంచి పరుచుకుని కిందికి జరిగాను.
రంగు మారింది. సీట్లు మారాయి.
మీటరుని ఎవడో వెనక్కి తిప్పాడు.
వెనక హౌసింగు డ్రెయిన్ బోల్టుకి మాత్రం
వాషరు బదులు, పౌడరు డబ్బా రేకు
గుండ్రంగా కత్తిరించిన బిళ్ల.
సగం గులాబీ పువ్వు ఇంకా కనిపిస్తోంది.

ఆ కత్తెర నాది.

పదకొండేళ్లయింది. చింతపండు గొడౌను సేటు బండి.
"పొద్దున్నే పార్టీ వస్తాడు, దీని నోరు మూయించు."
ఎదురుగానే కర్రల మిల్లు.
రెండు దోసిళ్ల పొట్టు చిక్కటి నూనెలో కలిపి పోశాను.
బాలింత ఉన్న ఇంట్లో అడుగుల్లా
మెత్తగా నడిచింది బండి.
కొన్నవాడే మురిసిపోయి
నా చేతిలో యాభై పెట్టి వెళ్లాడు.

ఇప్పుడు బోల్టు విప్పితే
చాలాసేపు ఏమీ రాలేదు.
తర్వాత నల్లటి గంజి. అందులో ఇనప రజను తళతళ.
నా పొట్టో, నా తర్వాత ఇంకెవడిదో.

లఖన్ వంగి చూశాడు. "ఇదేటి, ఓస్తాదూ?"
రాబోయే జీడిపిక్కలు చూపించి అప్పు తెచ్చాడట ఈ బండికి.
పిక్కలింకా చెట్టు మీదే ఉన్నాయట.

"పాత నూనె" అన్నాను.

క్రౌన్, పినియన్ కోసం బరంపురం ఫోను చేశాను.
రేకు బిళ్ల తుడిచి జేబులో వేసుకున్నాను.
కాగితం మీద సామాను ధరలన్నీ రాసి
కూలి దగ్గర పెన్సిలు ఆపి
ఒక గీత గీసి, కింద కూడిక వేశాను.

లఖన్ లెక్క రెండుసార్లు చూసుకున్నాడు.
మసి వేలు ఆ గీత మీద పెట్టి,
నా పొరపాటు నాకు చూపిస్తున్నట్టు
మెల్లగా అన్నాడు:
"ఇక్కడేటో మర్సిపోనావు."