ఏడో గుంత కాడ వంపు

రిసార్టు ముందరగదిలో అద్దం వెనక
ఒక చరిత్ర వుంది.
తొంభై ఏండ్లనాటి దొరలు, మీసాలు, కర్రలు,
కింద వరసగా పేర్లు.
కడాన గొంతుక్కూచున్న పిల్లోనికి మాత్రం పేరు లేదు.
వాడు మా జేజినాయన, చెంగల్రాయుడు.
కదలద్దన్నారంట.
కదిలినాడు. మొఖం చెదిరింది.

మద్రాసు ఎండకు తాళలేక
పలమనేరు గాలికి వొచ్చినారంట దొరలు.
గడ్డి మొలవని గుట్టవార
ఇసకలో నూనె పోసి, చదును చేసి,
దానికి గ్రీన్ అని పేరు పెట్టినారు.
నల్లగా వుండేది. అయినా గ్రీనే.
పాలడబ్బా భూమిలో పాతితే అది గుంత,
తొమ్మిది డబ్బాలకు తొమ్మిది గుంతలు.
దారుల్లో గరిక మేకలే కోసేవి,
కూలి అడగకుండా.

ఆట మొదలుపెట్టే చోటును టీ అంటారని విని
తొలిరోజు జేజినాయన లోటా ఎత్తకపోయినాడు.
లోటా నిండా తడి ఇసక పోసిచ్చి
చిటికెడు చిటికెడు గూడు కట్టి
దానిమీద బంతి పెట్టమన్నారు.

దొర కొట్టి "ఫోర్!" అని అరిస్తే
ముందర వుండే పిల్లోళ్లకు
"పోరా!" అని వినపడేది.
పోతానే వుండాం గదా సామీ, ఇంకా యాడికి పోయేది,
అని గొణుక్కుంటా
కలే పొదల్లో చేతులు పెట్టేవోళ్లు.
పోయిన బంతికి అర్ధణా కోత.
దొరికిన బంతికి ఏమీ లేదు.

ఒక్క బంతిని మాత్రం
జేజినాయన దొరకనీలేదు.
రాత్రి బుడ్డి వెలుతుర్లో పైతోలు కోస్తే
లోపల రబ్బరు దారం.
లాగేకొద్దీ వొచ్చె, వొచ్చె,
పడసాల దాటె, వాకిలి దాటె,
కొట్టంలో ఆవు కాళ్లకు చుట్టుకునె.
నడిమధ్యన గోలీ అంత ముద్ద.
"దీనికేనా," అన్నాడంట,
"ఇంతమందిమి ఇంత పరిగెత్తేది."
తెల్లారేసరికి ఆ వీధిలో పిల్లోళ్లందరికీ
తలా ఒక ఉండేలు.

ఇంక ఏడో గుంత.
అద్దం వెనక కాగితంలో రాసుంది:
ఎడమకు వంగే ఈ దారి
రూపకర్త చాతుర్యానికి నిదర్శనం.
ఆయన గీసింది నిట్టనిలువు గీత.
ఆ గీత మీద తిమ్మక్క రాగిచేను వుండె, నలభై సెంట్లు.
అమీనా వొచ్చినాడు, కాగితం వొచ్చింది,
దొరే గుర్రమెక్కి వొచ్చినాడు.
ఆమె కలుపు తీస్తా వుండె. తలెత్తలేదు.
"వెన్ను పట్టింది. కోత కానీ, మాట్లాడదాం."
కోతైనాక ఉలవ చల్లింది.
ఉలవ పెరికినాక మళ్లా రాగి.
దొరకు బదిలీ అయిపాయ.
చేనును చుట్టుకొని పోవడం
ఆటే నేర్చుకునింది.

తరవాత ఆ చేనూ పోయింది.
ఎవురు వేలిముద్ర వేసిరో, ఎంతకు వేసిరో
నాకు తెలుసు. చెప్పను.

ఇప్పుడంతా పచ్చన. మూడు బోర్లు.
శనివారమైతే బెంగుళూరు కార్లు.
గడ్డి కోసే మిషను నాది,
మేకల ఉద్యోగం.
కొత్త మేనేజరు టేపు పట్టి
వంపు తీసేద్దామన్నాడు ఒకసారి.
పాత మెంబర్లు మీటింగు పెట్టి మరీ కాదన్నారు,
చరిత్ర చెడిపోతాదంట.

తొలకరికి ఆ వంపులో రాగి మొలుస్తాది.
పాత గింజలు ఇంకా చావలేదని
తోటపని వాళ్లు ఆచ్చర్యపోతారు.
చల్లేది నేనే, గుప్పెడు,
ఎవురూ లేని వేళ.
ఆడికొచ్చేసరికి మిషను బ్లేడు పైకెత్తుతా.

నిన్న ఒక కుర్రోడు దూరం నుంచి అరిచినాడు.
వెనక్కి తిరగలేదు నేను.
బంతి వొచ్చి రాగిలో పడింది.
వాడు వొచ్చి అడిగినాడు, చూసినావా అని.
చూళ్లేదంటి.