మూడో నంబరు కౌంటర్

అద్దానికి అరచందమామ తీర్గ ఒక కంత.
అండ్లకెల్లే లోపలికొస్తయి
నోట్లు, చీటీలు, పొద్దుగాల్ల తానం చేసొచ్చిన సబ్బు వాసన,
అడుగుడు.
హన్మకొండ చౌరస్తాల మొదటి బస్సు దిగినోళ్లు
టోకెన్ కంటె ముందు గొంతును లైన్ల నిలవెడ్తరు.

"ఈ చీటీ ఇయ్యాల నడుస్తదా?"
ఏడొద్దులే నడుస్తది. నీకు ఎనిమిదైనయి.
"ఏడోది ఐతారమాయె. బందు వెట్టింది మీరు, తప్పు నాదా?"
నేనేమంట? ముద్ర గుద్ది లోపలికి తోలిన.

"పరిగడుపున రమ్మంటిరి. పన్నెండు గొట్టింది.
పరిగడుపు ఎందాక పరిగడుపు?"

"కార్డుల నా పేరు తప్పు వడ్డది.
రోగం గూడ నాది గాదంటరా?"

తాడ్వాయి అవతలకెల్లి వచ్చిన ఈసం ముత్తక్క
ఫోన్ల చూపిచ్చుకున్న ముచ్చట చెప్పింది:
"మా ఊళ్లె సిగ్నలు రాదు. గుట్ట ఎక్కిన.
ఎక్కంగనే అడిగిండు సారు, ఆయాసం ఎట్లున్నదని.
గుట్టది చెప్పాల్నా, నాది చెప్పాల్నా?
ఊకున్న.
అంతల ఆయన మొకం ఆగిపోయింది, నోరు తెరిచినట్టే.
దానికి గూడ ఫీజు వట్టిండ్రా?"

పట్టిండ్రు ముత్తక్కా.
కన్సల్టేషన్ పూర్తయిందని స్క్రీన్ మీద ఉన్నది.

నాకు నేర్పిన జవాబులు నాలుగు.
సిస్టంల అట్లనే ఉన్నది.
లోపల అడుగుండ్రి.
అది పాలసీ.
నాలుగోది చిన్నగ నవ్వుడు.

మూడు గంటలకు ఆడెపు ఓదెలు వచ్చిండు.
డిశ్చార్జ్ అని పదింటికే చెప్పిండ్రట.
పైన ఆమె చెప్పులేసుకొని మంచం మీద కూసున్నదట.
"ఈ కూసున్న గంటల కిరాయి ఎవలది?"

బిల్లు అడిగిండు. వట్టి మొత్తం గాదు, వరుస వరుస.
మిషన్లకెల్లి పదకొండు కాగితాలు వచ్చినయి.
బల్ల మీద పరిచి, టిఫిన్ డబ్బ మూత బరువు వెట్టి
వేలుతోని సదువుడు.
కొత్తవాడల గుంట మగ్గం మీద జంపఖానలు నేసిన వేలు,
గోరు సగం అరిగింది.

"గ్లౌజులు ముప్పై ఎనిమిది జతలు.
మూడొద్దులల్ల ఆమెను ముట్టినోళ్లు ఆరుగురు. నేను కాడనే ఉన్న."

"విజిట్లు తొమ్మిది. ఒకపారి తలుపుకాడనే నిలవడి
ఎట్లున్నదన్నడు. అది నిండు విజిటా, సగమా?"

"గీ మిసలేనియస్ ఏ డాక్టరు?
నాలుగు వేల రెండొందలు వట్టిండు.
ఎన్నడన్న వచ్చిండా మా కాడికి?"

వెనుక లైన్ల ఎవలో నవ్విండ్రు.
నేను గూడ నవ్వబోయిన, నాలుగో జవాబు లెక్క.
ఓదెలు నవ్వలే. వేలు కిందికి జరుగుతాంది.
ఏడో కాగితం కాడ ఆగింది.

"బేస్తారం సాయంత్రం ఐదింటికి సూది అని రాసిండ్రు.
ఐదింటికి ఆమె ఈడ లేదు.
స్కానింగ్‌కు మీరే ఆటోల తోలిండ్రు. ఆడి రశీదు ఇగో."

రెండు కాగితాలు పక్కపక్కన వెట్టి చూసిన.
గంట ఒక్కటే. మనిషి ఒక్కతే.
మేనేజర్ కాడికి పోయిన. ఆరు వందల నలభై కొట్టేసిండ్రు.

మంచిగైంది గదా పెద్దనాయనా, అన్న.

"ఏం మంచి? పడుగుల ఒక్క పోగు తెగినట్టు కనవడ్డదంటే
అంతకుముందు నేసిందంత మళ్ల చూసుకోవాలె.
చూసే తీరిక లేదు. ఆమె చెప్పులేసుకొని కూసున్నది."

పైసలు లెక్కవెట్టి కంతలకెల్లి ఇచ్చిండు.
కాగితాలు మడిచిండు,
అంచుకు అంచు కలిపి, అమ్మకానికి మడిచినట్టు.

ఐదేండ్లాయె ఈ కంతకు ఇవతల కూసుండి.
వేడివేడిగ వస్తయి మిషన్లకెల్లి. చింపుడు, ఇచ్చుడు.
ఒక్కటన్న నిండ సదివిన యాది లేదు.

"బిడ్డా, కండ్లు ఆనతలేవు. దీన్ల ఏమున్నదో జెర సదువు."
వేరే చెయ్యి, వేరే చీటీ.
మొదటి వరుస కాడికెల్లి సదువుడు షురూ చేసిన.
రిజిస్ట్రేషను, వంద.
దూది, పదకొండు.
వెనుక లైను గుణుగుతాంది. గేటు దాక పోయింది.