ఒకటి విడిచి ఒకటి

అర్వాయ్‌హేర్, మూడో అంతస్తు.
బొగ్గు పొగ కిటికీకి అంటుకున్న ఉదయం.
జుద్ చలికి పోయిన గొర్రెల లెక్క
పట్టికలో సరిగ్గానే ఉంది,
చార్టులోనే తేడా.

నిలువు కడ్డీలు పందొమ్మిది,
కింద పేర్లు పది.
చోటు చాలదని
ఒకటి విడిచి ఒకటి
తనంతట తానే మింగేసింది.

"పెద్దవి కనిపిస్తున్నాయిగా, చాల్లే" అన్నాడు గాన్‌సుఖ్.
రెండింటికి గవర్నరు మీటింగు.

అక్షరాలు తగ్గించా, చీమలబారు.
బొమ్మ సాగదీశా, కాగితం దాటింది.
ఏటవాలుగా తిప్పితే
పొడుగు పేర్ల చివర మూడు చుక్కలు,
ఏదో చెప్పబోయి ఆగిపోయినట్టు.
ఉప్పు వేసిన పాలటీ మీద మీగడ కట్టింది.

కనపడని తొమ్మిదిలో ఒకటి హోంగోర్ ఓవో.
మార్చిలో లెక్కకి వెళ్తే
లువ్సాన్‌దోర్జ్ అంకె చెప్పలేదు.
దొడ్డివైపు గడ్డం ఎత్తి
"రాసుకో" అన్నాడు.
రాసుకోడానికి పెన్ను గడ్డకట్టింది,
చంకలో పెట్టుకుని కరిగించా.

దొరికింది చివరికి:
అక్షం మీద కుడి క్లిక్కు,
లేబుళ్ల మధ్య ఎడం,
ఆటోమేటిక్ తీసేసి ఒకటి కొట్టా.
పందొమ్మిదీ వచ్చి నిలబడ్డాయి
నిటారుగా, ఇరుకిరుగ్గా,
మంచుగాలికి వీపు తిప్పిన మందలా.

గవర్నరు కళ్ళజోడు సర్దుకున్నారు.
"ఇవి అడ్డంగా రావా అమ్మాయీ?"
"రావండీ. మన పాత రాతా నిలువేగా."
గాన్‌సుఖ్ నా కాలు తొక్కాడు.

ఆయన మెడ పక్కకి వంచి
వేలు పెట్టి
ఒక్కొక్కటే చదవడం మొదలెట్టారు,
పైకే.